రెక్కలకు ముందు చేతులు
(యౌవనస్థుల కూటములలో చదువుకొనుటకు పాఠము)



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొన్న సంగతి మీలో కొందరికి వింతగా తోచవచ్చును. ప్రమాదములో చిక్కుకొన్నవారి యొద్దకు హెలికాప్టరులో గాని చిన్న విమానములో గాని వెళ్లి, వారి ప్రాణము నిలుపుచు ఆసుపత్రికి చేర్చు పనివారు కొన్ని దేశములలో ఉన్నారు. వారిని ఫ్లైట్ పారామెడిక్కులు అందురు. వారు వైద్యులు కారు. అయినను వైద్యుడు వెంటనే చేరలేని చోట వైద్యుని చేతులవలె నుందురు. వారి పనిని చూపు చిత్రములు నేడు సెల్ ఫోనుల ద్వారా మన పల్లెలకును వచ్చుచున్నవి. వాటిని చూచి, తామును అట్టివారు కావలెనని కోరు కుమారులును కుమార్తెలును మన సంఘములలో లేకపోలేదు. ఈ కోరిక మంచిదేనా, దీనికి దారి ఎక్కడ మొదలగును అని తలిదండ్రులు ఆలోచించుట సహజమే.

కోరిక మంచిదేయని మేము తలంచుచున్నాము. అయితే ఎగురుట ఆ పనిలో చివరి మెట్టు. మొదటి మెట్టు నేలమీద, మురికిలోను రక్తములోను, మోకాళ్లమీద నున్నది. ఈ సంగతి తెలియక బయలుదేరినవారు త్వరలోనే నిరాశపడుదురు. తెలిసి బయలుదేరినవారు, ఒకవేళ ఎన్నడును ఎగురకపోయినను, అనేకులకు మేలుగా నుందురు.

మనము చిన్ననాటినుండి ఎరిగిన మంచి సమరయుని ఉపమానమును ఈ దృష్టితో మరల చదివి చూడుడి. అది లూకా సువార్త పదియవ అధ్యాయములో నున్నది. ఆ మనుష్యునికి పశువు ఉండెను. అయినను గాయపడినవానిని చూచిన తక్షణమే దానిమీదికి ఎక్కింపలేదు. ముందుగా దగ్గరకు పోయెను. పిమ్మట అక్కడనే, ఆ దారిప్రక్కనే, గాయములకు మందు వేసి కట్టెను. ఆ తరువాతనే పశువుమీద కూర్చుండబెట్టి సత్రమునకు చేర్చెను. చేర్చి విడిచిపెట్టక, చూచుకొనవలసినవానికి అప్పగించి, కావలసిన సొమ్ము ఇచ్చెను. దగ్గరకు చేరుట, ఉన్నచోటనే చికిత్స, ప్రయాణము, అప్పగింత అను ఈ నాలుగు పనుల వరుసయే నేటి అత్యవసర వైద్యమునకును వరుస. వాహనము గాడిదయైనను హెలికాప్టరైనను ఆ వరుసలో దాని స్థానము మూడవది.

1. ఈ పని పుట్టిన విధము

దూరమువలన కలిగిన దుఃఖమే ఈ పనికి మూలము. ఆస్ట్రేలియా దేశపు వాయవ్య భాగములో హాల్స్ క్రీక్ అను చిన్న ఊరు కలదు. 1917లో జిమ్మీ డార్సీ అను పశువుల కాపరి గుఱ్ఱముమీదనుండి పడి లోపల గాయపడగా, అతనిని ఆ ఊరికి తెచ్చిరి. అక్కడ వైద్యుడు లేడు. టక్కెట్ అను తపాలా అధికారి మాత్రము మునుపు ప్రథమ చికిత్స నేర్చుకొని యుండెను. అతనికి నేర్పిన వైద్యుడు సుమారు రెండువేల కిలోమీటర్ల దూరమున పెర్తు పట్టణములో నుండెను. ఆ వైద్యుడు తంతి ద్వారా ఒక్కొక్క మాట చెప్పుచుండగా, టక్కెట్ జేబుచాకుతో శస్త్రచికిత్స చేసెను. పిమ్మట ఆ వైద్యుడు ఓడమీదను, మోటారు బండిమీదను, తుదకు కాలినడకను ప్రయాణము చేసి అక్కడికి చేరెను. అయితే దానికి ముందటి దినముననే డార్సీ మరణించి యుండెను.

ఆ మరణవార్త ఆ దేశమంతటిని కదిలించెను. ప్రెస్బిటేరియను సంఘపు బోధకుడైన జాన్ ఫ్లిన్ అప్పటికే ఆ ఎడారి ప్రాంతములలో పరిచర్య చేయుచుండెను. క్లిఫర్డ్ పీల్ అను వైద్య విద్యార్థి యుద్ధమునకు పోవుచు, ఈ దూరములను విమానములతో దాటవచ్చునని 1917లో ఆయనకు ఉత్తరము వ్రాసెను. ఆ యువకుడు మరుసటి సంవత్సరమే ఫ్రాన్సు దేశములో హతుడాయెను. తన తలంపు ఫలించుటను చూడలేదు. ఫ్లిన్ పదేండ్లకు పైగా సొమ్ము కూర్చుచు, అధికారులను వేడుకొనుచు తిరిగెను. 1928 మే 17న క్లాన్‌కర్రీ అను ఊరినుండి డాక్టరు వెల్చ్ మొదటి ప్రయాణము చేసెను. మొదటి సంవత్సరములో 50 ప్రయాణములలో 225 మంది రోగులను చూచిరి. 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనునతడు సైకిలువలె కాళ్లతో త్రొక్కి నడుపు రేడియోను సిద్ధపరచగా, కరెంటు లేని ఒంటరి ఇండ్లనుండియు పిలుపు అందసాగెను. ఈ సేవయే నేటి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు. ఫ్లిన్ రూపమును ఆ దేశపు ఇరువది డాలర్ల నోటుమీద ముద్రించిరి.

హెలికాప్టరు కథలో మన దేశమునకును చోటు కలదు. 1944 ఏప్రిల్‌లో అస్సాములోని లాలాఘాట్ నుండి బయలుదేరిన చిన్న హెలికాప్టరొకటి బర్మా అడవులలో చిక్కుకొన్న నలుగురిని బయటికి తెచ్చెను. అందులో ఒక మారు ఒక్కరికే చోటు. అందుచేత కార్టర్ హార్మన్ అను దానిని నడుపు అధికారి ఒక్కొక్కరికై మరల మరల వెళ్లి రావలసి వచ్చెను. యుద్ధములో హెలికాప్టరుతో క్షతగాత్రులను తెచ్చుటకు అది మొదటి నిదర్శనముగా చెప్పబడుచున్నది. తరువాత కొరియా యుద్ధములో ఈ పద్ధతి విస్తారముగా వ్యాపించెను. 1972లో అమెరికాలోని డెన్వరు పట్టణములో సెయింట్ ఆంథొనీ ఆసుపత్రి సామాన్య ప్రజలకై తన స్వంత హెలికాప్టరు సేవను ఆరంభించెను.

ఇంతవరకు వాహనముల కథ. చేతుల కథ వేరుగా నున్నది. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ వారు ప్రకటించిన నివేదిక ప్రకారము, ఆ దేశపు అంబులెన్సు సేవలలో దాదాపు సగము శవసంస్కారములు జరిగించు వ్యాపారుల చేతిలో నుండెను. కారణమేమనగా, మనుష్యుని పండుకొనబెట్టి తీసికొనిపోగల బండ్లు వారియొద్ద నుండెను. బండి ఉండెను, వేగము ఉండెను. లోపల చికిత్స చేయు చేతులు మాత్రము లేవు.

ఆ 1966లోనే పిట్స్‌బర్గ్ పట్టణములో డాక్టరు పీటర్ సాఫర్ కుమార్తె ఎలిజబెత్ ఉబ్బసముచేత మరణించెను. ఊపిరి ఆగినవారికి ఊపిరి పోయు పద్ధతిని లోకమునకు నేర్పినవారిలో ఆ తండ్రి ముఖ్యుడు. తన యింటనే ఇట్టి దుఃఖము కలుగగా ఆయన క్రుంగి ఊరకుండలేదు. 1967లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు సేవ అను పేరుతో ఒక పని మొదలుపెట్టుటకు తోడ్పడెను. ఆ పట్టణపు హిల్ డిస్ట్రిక్ట్ అను పేదపేటలో, పని దొరకక తిరుగుచున్న నల్లజాతి యౌవనస్థులను పిలిచి, ఊపిరి నిలుపుటయు, నెత్తురు ఆపుటయు, గుండె నడిపించుటయు వారికి నేర్పించిరి. పనికిరారని ఇతరులు తలంచినవారే ఆ దేశపు మొదటి పారామెడిక్కులలో లెక్కింపబడిరి. నగరము తన స్వంత సేవ ప్రారంభింపగా 1975లో ఆ సంస్థ మూతపడెను. గాని వారు చూపిన మాదిరి నిలిచెను. నేడు ఆకాశములో పనిచేయు పారామెడిక్కు ఎవరైనను, ఆ పేదపేట వీధులలో మెట్లెక్కి రోగులను మోసినవారికి ఋణపడి యున్నాడు.

2. మొదటి మెట్టు

అమెరికాలో ఈ దారి పట్టువారు ముందుగా ఇ.ఎం.టి. అను అత్యవసర వైద్య సహాయకుని చదువు చదువుదురు. అది సాధారణముగా 150 నుండి 190 గంటల పాఠము. తరువాత పారామెడిక్ చదువు 1,200 నుండి 1,800 గంటల వరకు నుండును. ఈ రెంటి నడుమ కొంతకాలము అంబులెన్సులో పనిచేయుట మేలని పెద్దలు చెప్పుదురు.

మొదటి చదువులో నేర్పునది చూచుటకు అతి స్వల్పము. ముందుగా, ఆ స్థలము నీకు క్షేమమా అని చూడవలెను; తెగిన కరెంటు తీగ ప్రక్కన సహాయకుడును పడిపోయినయెడల ఇద్దరు రోగులగుదురు. పిమ్మట ప్రాణాపాయముగా కారుచున్న నెత్తురు, తరువాత ఊపిరి పోవు దారి తెరచి యున్నదా, ఊపిరి ఆడుచున్నదా, నాడి ఎట్లున్నది, తెలివి ఉన్నదా, బట్ట తొలగించి చూడని గాయమేదైన నున్నదా. ఈ వరుసను వందలమార్లు చేసి చూపవలెను. కేకలు వేయు గాయము కన్నులను లాగుకొనును. మౌనముగా చనిపోవుచున్నవాడు ప్రక్కనే యుండును. విరిగిన కాలు భయంకరముగా కనబడును గాని, ఆగిపోవుచున్న ఊపిరి కనబడదు. కన్ను లాగినచోటికి పోక, వరుస చూపినచోటికి పోవుటయే ఈ విద్యకు ఆరంభము.

ఇంకొక సంగతి కలదు. ఇ.ఎం.టి. తన సంచిని తానే సర్దుకొనవలెను. ప్రతి పనివేళ మొదటను ఆక్సిజను సిలిండరులో ఎంత ఉన్నదో చూడవలెను, సక్షను యంత్రము పనిచేయుచున్నదో చూడవలెను, వాడిన స్ట్రెచరును కడుగవలెను. దీనికి చప్పట్లు లేవు. అయితే సిలిండరు ఖాళీ అని రోగి నీలివర్ణమునకు మారినప్పుడు తెలిసికొనుట ఎంత ఘోరమో ఆలోచించుడి. స్ట్రెచరు కడుగుటకు సిగ్గుపడువాడు హెలికాప్టరులో ఎక్కుటకు తగడు.

3. నేలమీది సంవత్సరములు

అమెరికాలో ఫ్లైట్ పారామెడిక్కుగా తీసికొనుటకు ముందు, రద్దీగల అంబులెన్సు సేవలో సాధారణముగా 3 నుండి 5 సంవత్సరముల అనుభవము కోరుదురు. తరువాత ఎఫ్.పి.సి. అను ప్రత్యేక పరీక్ష కలదు. ఇన్ని సంవత్సరములు ఎందుకు? హెలికాప్టరులో తరచుగా ఒక పైలటు, ఒక నర్సు, ఒక పారామెడిక్కు మాత్రమే యుందురు. పైనుండగా అడుగుటకు మరియొక పెద్ద లేడు. పుస్తకము విప్పుటకు వ్యవధి లేదు. అక్కడ చేయవలసినదంతయు చేతులకు అప్పటికే తెలిసి యుండవలెను.

ఆ సంవత్సరములు ఎట్లు గడచును? యౌవనస్థులు ఊహించినట్లు ప్రతిదినము గొప్ప రక్షణలు జరుగవు. ముసలి తల్లికి ఒళ్లు తూలుట, చక్కెర వ్యాధివానికి చక్కెర పడిపోవుట, త్రాగి పడిపోయినవాడు, నొప్పులు పడుచున్న గర్భిణి, ఆయాసపడు పిల్లవాడు, ఎవరును లేక భయపడి పిలిచిన వృద్ధుడు, వీరే అధికము. మొదటి సంవత్సరములో ఇవి విసుగు పుట్టించును. గాని జాగ్రత్తగా చూచువానికి ఇదే బడి. వంద మంది ఆరోగ్యవంతుల ఊపిరి విన్న చెవికే నూట ఒకటవ ఊపిరి తప్పుగా నున్నదని తెలియును. త్రాగినవాడని అందరును నవ్వుచుండగా, వాని తలలో నెత్తురు చేరినదేమోయని అనుమానించు ఓపిక ఇక్కడనే వచ్చును.

ఈ సంవత్సరములలోనే మొదటి మరణమును చూతురు. అన్నియు సరిగా చేసినను కొందరు చనిపోవుదురు. రొమ్మునొక్కి నొక్కి చేతులు తీసినతరువాత, గుమ్మములో నిలిచియున్న తల్లితో మాటలాడవలసినవాడు ఇరువది రెండేండ్ల యువకుడై యుండవచ్చును. ఆ రాత్రి వానికి నిద్ర పట్టదు. అది బలహీనత కాదు. మనస్సు మొద్దుబారలేదనుటకు గురుతు. అయితే ఆ భారమును ఒంటరిగా మోయరాదు. పెద్ద పనివానితో చెప్పుకొనవలెను. అవసరమైతే మనోవైద్యుని చూడవలెను. చెప్పుకొనక త్రాగుడులో ముంచుకొన్నవారును, ఉద్యోగమునే విడిచిపోయినవారును ఈ పనిలో ఉన్నారు.

ఇచ్చట సంఘమువారికిని ఇంటివారికిని ఒక మాట. మీ యింట అంబులెన్సులో పనిచేయు కుమారుడో కోడలో ఉన్నయెడల, పని ముగించి రాగానే, ఈ దినము ఎంత ఘోరము చూచితివి అని వినోదమునకై అడుగకుడి. అన్నము వడ్డించుడి. వారు మాటలాడదలచినప్పుడు వినుడి. మాటలాడనప్పుడు ప్రక్కన కూర్చుండుడి.

4. ఆకాశము నేర్పు పాఠములు

నేలమీద నేర్చినదంతయు ఆకాశములో అట్లే పనిచేయదు. ఊటీ వంటి ఎత్తైన కొండకు బస్సులో పోయినవారు చూచియుందురు: క్రింద కొన్న చిప్సు పొట్లము పైకి పోవుకొలది ఉబ్బును. పైన గాలి ఒత్తిడి తక్కువ గనుక, మూసియున్న గాలి వ్యాకోచించును. సముద్రమట్టమున మూడు పాళ్లుగా నున్న గాలి ఎనిమిదివేల అడుగుల ఎత్తున ఇంచుమించు నాలుగు పాళ్లగును. రోగి శరీరములోను ఇట్లే జరుగును. ఊపిరితిత్తికిని రొమ్ముగోడకును నడుమ గాలి చేరిన గాయము నేలమీద ఓర్చుకొనదగినదై యుండి, పైకి పోగా ఊపిరితిత్తిని అణచివేయవచ్చును. ఊపిరి గొట్టము కదలకుండ గొంతులో పట్టియుంచు చిన్న గాలిబుడగయు ఉబ్బి లోపలి చర్మమును నొక్కవచ్చును. అందుచేత వీటిని బయలుదేరుటకు ముందే సరిచూచి, పైనను మరల చూడవలెను. హెలికాప్టరులు సాధారణముగా తక్కువ ఎత్తున ఎగురును గనుక ఈ చిక్కు కొంచెము తక్కువ. దూరము పోవు విమానములలో ఎక్కువ.

ఎత్తుకు పోవుకొలది రక్తమునకు అందు ప్రాణవాయువు తగ్గును. చలి పెరుగును, వేయి అడుగులకు సుమారు 2 డిగ్రీల సెల్సియసు చొప్పున బయటిగాలి చల్లబడును. నెత్తురు పోయినవానికి చలి మహా శత్రువు. చల్లబడిన శరీరములో నెత్తురు సరిగా గడ్డకట్టదు. గనుక దుప్పటి కప్పుట కూడ చికిత్సయే. ఇక హెలికాప్టరు రొదలో స్టెతస్కోపు పెట్టినను ఏమియు వినబడదు. అక్కడ చెవిని విడిచి, రొమ్ము ఎత్తులు చూడవలెను, యంత్రపు గీతలు చదువవలెను, చేతితో తాకి తెలిసికొనవలెను. చోటు ఎంత ఇరుకనగా, కొన్నిటిలో రోగి కాళ్లవద్దకు చేయి చాపుటయే కష్టము. అందుచేత చేయదగిన పనులన్నియు ఎగురుటకు ముందే నేలమీద ముగించి ఎక్కించుట మంచిదని నేర్పుదురు. సమరయుని వరుస ఇక్కడను మారలేదు.

5. వద్దు అనుటకు ధైర్యము

ఈ పనిలో అన్నిటికంటె కష్టమైన పాఠము ఇది. దూరమున ఒక బిడ్డ చనిపోవుచున్నదని పిలుపు వచ్చును. మంచు కమ్మియున్నది. పోవుటకు హృదయము తొందరపడును. ఇట్లు కనికరముచేత తొందరపడి కొండలకు తగిలి, రోగితోకూడ పనివారును చనిపోయిన సందర్భములు కలవు. అమెరికాలో 2008వ సంవత్సరము ఇట్టి ప్రమాదములచేత మిక్కిలి విషాదకరమాయెను. అటుపిమ్మట 2014లో ఆ దేశపు విమానయాన శాఖ, బయలుదేరుటకు ముందు అపాయమును లెక్కించు పద్ధతియు, నేల దగ్గరపడినప్పుడు హెచ్చరించు పరికరములును ఉండవలెనని కట్టడ చేసెను.

అనేక సేవలలో ఒక మంచి ఆచారము కలదు. రోగి ఎవరో, బిడ్డయో వృద్ధుడో, పైలటుకు ముందుగా చెప్పరు. వాతావరణమును మాత్రమే చూచి, పోగలమో లేదో అతడు నిర్ణయించును. ఇంకను, ఎక్కవలసిన ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దనినను ప్రయాణము ఆగును. క్రొత్తగా చేరినవాని మాటకును అంతే విలువ. ఇది కఠినముగా తోచవచ్చును. గాని జాలి మంచిదైనను, దానికి కళ్లెము లేనప్పుడు అది మరికొన్ని ఇండ్లలో ఏడ్పు తెచ్చును. పరాక్రమము చూపుటకై ఈ పనికి వచ్చువాడు తనకును ఇతరులకును అపాయకరుడు.

6. మన దేశములో దారి

మన రాష్ట్రముల సంగతి చూతము. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ఆరంభమాయెను; నేడు అది అనేక రాష్ట్రములలో నున్నది. ఆ బండి నడుపువానిని పైలట్ అనియే పిలుతురు; వెనుక రోగియొద్ద నుండువాడు ఇ.ఎం.టి. దారిలోనే పుట్టిన బిడ్డలను చేతిలోనికి తీసికొన్న ఇ.ఎం.టి.లు మన జిల్లాలలో ఎందరో కలరు. అత్యవసర వైద్యమును వైద్యులు ప్రత్యేకముగా చదువు శాఖగా 2009లో మన దేశములో గుర్తించిరి. 2021లో చేయబడిన చట్టము అత్యవసర వైద్య సహాయకుల వంటి వృత్తులను గుర్తించి, వాటి చదువునకు కట్టుబాట్లు ఏర్పరచుటకు దారి తీసెను. 2024 అక్టోబరు 29న ఋషీకేశములోని ఎయిమ్స్ ఆసుపత్రి హెలికాప్టరు అంబులెన్సును ప్రారంభించిరి.

గనుక ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదివినవారు, గుర్తింపుగల కళాశాలలో అత్యవసర వైద్య సాంకేతిక విద్యలో బి.ఎస్సీ. గాని, నర్సింగు గాని చదువవచ్చును. పిమ్మట 108 బండిలోనో ఆసుపత్రి అత్యవసర విభాగములోనో కొన్ని సంవత్సరములు పనిచేయవచ్చును. విమాన అంబులెన్సులు నడుపు సంస్థలును మన దేశములో ఉన్నవి. అయితే ఉద్యోగములు కొద్ది, అనుభవము లేనివారికి వాటిలో చోటు దొరకుట కష్టము. విదేశములకు పోగోరువారు ఆ దేశపు చదువు చదివి, ఆ దేశపు పరీక్షలో నెగ్గి, అక్కడి అనుమతి పొందవలెను. ఇక్కడి ధ్రువపత్రము చూపి నేరుగా హెలికాప్టరు ఎక్కించెదమని చెప్పి సొమ్ము అడుగు మధ్యవర్తులను నమ్మి, పొలము తాకట్టు పెట్టకుడి. చేరబోవు కళాశాలకు గుర్తింపు కలదో లేదో తలిదండ్రులే స్వయముగా విచారింపవలెను.

దేహమును కాపాడుకొనుటయు అవసరమే. హెలికాప్టరులో ప్రతి కిలో బరువును లెక్కింతురు గనుక పనివారి బరువునకును పరిమితి యుండును. ఇంగ్లీషు చదివి అర్థము చేసికొను శక్తియు, మందుల మోతాదులు లెక్కవేయు గణితమును అలవరచుకొనవలెను. ఒక సున్న తప్పినయెడల మందు విషమగును.

7. ఇది అందరికిని పాఠము

మనలో ఎక్కువమంది ఎన్నడును ఈ ఉద్యోగములో చేరరు. అయినను వాహనము వచ్చువరకు గడచు నిమిషములు మన చేతులలోనే యున్నవి. కొన్ని సంగతులు ప్రతి యింటను తెలిసియుండవలెను. మనిషి పడిపోయి, పిలిచినను పలుకక, ఊపిరి సరిగా తీయనియెడల, వెంటనే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు చేతుల మడమలతో గట్టిగా నొక్కవలెను. పెద్దవారికి 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషమునకు 100 నుండి 120 మార్లు, సహాయము వచ్చువరకు ఆపకూడదు. నెత్తురు కారుచున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను; మాటిమాటికి తీసి చూడరాదు. పాము కరచినచోట కోయకుడి, పీల్చకుడి, త్రాటితో బిగింపకుడి; ఆ కాలు గాని చేయి గాని కదలనీయక, విరుగుడు మందుగల ఆసుపత్రికి తీసికొనిపొండి. మంత్రగానియొద్ద గడపిన గంట మరల రాదు.

రోడ్డుమీద గాయపడినవానిని ముట్టుకొన్న, పోలీసులు మనలను పట్టుకొందురను భయము అనేకులకు కలదు. ఆ భయమునకు ఇప్పుడు చోటు లేదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సహాయకులకు రక్షణ కల్పించు నియమములను స్థిరపరచెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, సద్భావముతో సహాయము చేసినవారిని బాధ్యులను చేయరాదని చేర్చిరి; తమ పేరు చెప్పుమని వారిని బలవంతపెట్టరాదనియు నియమము కలదు. ఆ చట్టము అట్టి సహాయకునికి సమరయుని పేరే పెట్టినది. మన దేశపు చట్టములోనే ఆ పేరు నిలిచియుండగా, ఆ కథను ప్రతి సంవత్సరము వినుచున్న మనము ప్రక్కగా పోవుట తగునా?

యౌవనస్థులారా, మీ కోరికను మేము చిన్నబుచ్చుటలేదు. ఒక ప్రశ్న మాత్రము మీలో మీరే అడుగుకొనుడి: నాకు కావలసినది హెలికాప్టరా, అందులో పండుకొనియున్న మనిషియా? మనిషియే అయినయెడల, ఈ ఊరిలోనే, ఈ వారమే, ప్రథమ చికిత్స తరగతిలో మీ పని మొదలుకావచ్చును. పిలుపు వచ్చిన దినమున ఎగురుదురు. రాకపోయినను, మీ చేతులు ఖాళీగా నుండవు.

కూటములో చర్చించుటకు ప్రశ్నలు

1. సమరయుడు చేసిన నాలుగు పనుల వరుస యేది? అందులో ఏ పనిని మనము తరచుగా విడిచి, వాహనమునకై తొందరపడుచున్నాము?
2. హాల్స్ క్రీక్ తపాలా అధికారి మునుపు ప్రథమ చికిత్స నేర్చుకొనకపోయినయెడల ఏమగును? మన ఊరిలో అట్టివారు ఎందరున్నారు?
3. జాలి గలవాడు కొన్నిసార్లు వద్దు అని చెప్పవలసి వచ్చుట ఎందుకు? మన ఇండ్లలో అట్టి సందర్భమేదైన కలదా?
4. మన సంఘములో అంబులెన్సులోను ఆసుపత్రులలోను పనిచేయువారి భారమును మనము ఏ విధముగా పంచుకొనగలము?
5. వచ్చు నెలలోగా రొమ్ము నొక్కు పద్ధతిని అందరును నేర్చుకొనుటకు, మండల ఆసుపత్రివారిని గాని 108 పనివారిని గాని ఎవరు వెళ్లి పిలుతురు?